పాలు పొంగని ఇంటర్వెల్

ఇంట్లో సినిమా చూస్తుంటే పొయ్యి మీద పాలు పొంగడానికి సరిగ్గా ఇంటర్వెల్ ముందు సీనే దొరుకుతుంది. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టిన సినిమా. హాల్లో లైట్లు తీసేశారు. మరమరాల మిక్చర్ గిన్నె చేతులు మారుతోంది. పదకొండు కావస్తుండగా ఎవరో ఒకరు "కాస్త టీ పడితే బాగుండు" అంటారు. అన్నవాళ్లు లేవరు. లేచేదెవరో ప్రతి ఇంటికీ తెలుసు. ఆవిడ వంటింట్లో ఒక కన్ను గిన్నె మీద, ఒక చెవి హాల్లోని డైలాగుల మీద పెట్టి నిలబడుతుంది. "ఆపమంటావా?" అని హాల్లోంచి మర్యాదకు ఒక కేక. "వద్దులే, చూడండి" అని ఇటునుంచి జవాబు. కథ మలుపు తిరిగేది అప్పుడే. కప్పులు పట్టుకొచ్చి "ఏమైంది?" అని అడిగితే తలా ఒక ముక్క చెబుతారు, ఏ ముక్కా రెండోదానికి అతకదు.

రాత్రి సినిమాకు పాల టీ నప్పదు. ఈ మాట వినగానే కొందరికి కనుబొమలు ముడిపడతాయి. అల్లం దంచి వేసిన టీని గానీ, హైదరాబాద్ ఇరానీ చాయ్‌ని గానీ కించపరచడం కాదిది. ఆదివారం మధ్యాహ్నం సినిమాకు టీ దివ్యంగా ఉంటుంది. పేచీ అంతా రాత్రి పదకొండు గంటల కప్పుతోనే. ఆ కప్పు స్థానంలోకి ఆకులో, పూలో, వేళ్లో వేడినీళ్లలో నానబెట్టి వడగట్టినది రావాలి. మార్కెట్ దానికి హెర్బల్ టీ అని పేరు పెట్టింది. ఆరోగ్యం కోసమని చెప్పడం లేదు. రుచి కోసం, తీరిక కోసం, ఆవిడ కూడా సినిమా మొత్తం చూడడం కోసం.

అసలు రాత్రి సినిమాకు టీ ఎలా తగులుకుందో గుర్తుచేసుకుంటే సగం సంగతి తేలిపోతుంది. 1980ల్లో వీసీఆర్, కలర్ టీవీ, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చేవారు. వాకిట్లో టీవీ పెడితే వీధి వీధంతా చాపలు పరుచుకునేది. తెల్లారేసరికి సామాను తిరిగి ఇచ్చేయాలి. కట్టిన అద్దె గిట్టాలంటే మూడో సినిమా కూడా చూసి తీరాలి. కాబట్టి రెండో సినిమా మధ్యలో టీ కాచేవారు, నిద్ర ఆపడానికి. శివరాత్రికి థియేటర్లలో తెల్లవార్లూ ఆటలు వేసినప్పుడూ అంతే. అక్కడ టీ రుచికోసం వచ్చింది కాదు, కాపలా ఉద్యోగానికి వచ్చింది. ఇప్పుడు సినిమాను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి రేపు చూసుకోవచ్చు. ఉద్యోగం పోయింది, ఉద్యోగి మాత్రం ఇంకా రోజూ వచ్చి హాజరు పట్టీలో సంతకం పెడుతున్నాడు.

కాపలావాడి పనితనం ఎలాంటిదంటే, పగలంతా మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది వెళ్లి తన గ్రాహకాలకు అతుక్కుంటున్నకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆకారంలో దానికి దగ్గరగా ఉంటుంది గనక ముందే వెళ్లి ఆ చోటు పట్టేస్తుంది, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు. పెద్దవాళ్ల ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. మనిషినిబట్టి ఇది మారుతుంది. పదకొండింటికి తాగిన టీలోని కెఫీన్‌లో సగం తెల్లవారుజాము నాలుగింటికి ఇంకా ఒంట్లోనే ఉందన్నమాట. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవారికి గంటకు పైగా నిద్ర తగ్గిందని 2013లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం చూపింది. ఒక కప్పు టీలో అంత ఉండదు, 30 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటుందంతే. కానీ ఆ అధ్యయనంలో 6 గంటల ముందు తీసుకున్నారు. మనం దుప్పటి కప్పుకునే ముందు తాగుతున్నాం.

పైగా తెలుగు సినిమా పొట్టిది కాదు. 'ఆర్ఆర్ఆర్' 182 నిమిషాలు. 'పుష్ప 2' 200 నిమిషాలు. 1977 నాటి 'దానవీరశూర కర్ణ' దాదాపు నాలుగు గంటలు. ఇంత పొడుగు కథకు మధ్యలో గొంతు తడుపుకోవడం తప్పదు. దేనితో అన్నదే ప్రశ్న.

2020 మార్చి 25, ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు. తెలుగు ఓటీటీ 'ఆహా' లాంఛనంగా ప్రారంభమైందీ ఆ రోజే. థియేటర్లు మూతబడ్డాయి, సినిమా పూర్తిగా ఇంటికి చేరింది. కొద్ది రోజులకే ఆయుష్ మంత్రిత్వ శాఖ తులసి, దాల్చిన చెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష కాచిన నీళ్లు రోజుకు ఒకటి రెండుసార్లు తాగమని సలహా ఇచ్చింది. ఆ వసంతంలో తెలుగింటి హాల్లోకి రెండు అలవాట్లు పక్కపక్కనే నడిచొచ్చాయి. ఒకటి నిలిచింది. రెండోది కరోనా తగ్గగానే మాయమైంది. ఎందుకు మాయమైందో చెప్పడం కష్టం కాదు. కషాయాన్ని భయంతో తాగారు, భయం పోయాక ఎవరు తాగుతారు?

తెలుగులో కషాయం అన్న మాటకే చేదు అంటుకుంది. చిన్నప్పుడు జలుబు చేస్తే గ్లాసు చేతికిచ్చి, అడుగు కనిపించేదాకా ఎదురుగా నిలబడిన అమ్మమ్మ గుర్తొస్తుంది. ముక్కు మూసుకోవాలి, గుటక వేయాలి, వెంటనే పంచదార పలుకు నోట్లో వేసుకోవాలి. ఇంత చరిత్ర ఉన్న పదార్థాన్ని సినిమా రాత్రి సరదాగా తాగమంటే నోరు వంకర పోతుంది. హెర్బల్ టీ అని ఇంగ్లిష్ పేరు పెట్టి, రంగు డబ్బాలో పోసి, మూత మీద పువ్వు బొమ్మ వేస్తే మాత్రం అదే మనిషి ఐదు నక్షత్రాలు ఇచ్చి మరీ కొంటాడు.

ఇప్పుడా పేరుకే ఎసరొచ్చింది. 2025 డిసెంబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక వివరణ ఇచ్చింది. కామెల్లియా సైనెన్సిస్, అంటే అసలు తేయాకు మొక్క నుంచి వచ్చినదాన్నే టీ అనాలి. రూయిబోస్ టీ, హెర్బల్ టీ, ఫ్లవర్ టీ అని పొట్లాల మీద వేస్తే కొనేవాళ్లను తప్పుదోవ పట్టించినట్టే. వ్యాపారులకు ఇది చిరాకే. తెలుగు పాఠకుడికి మాత్రం మంచి అవకాశం. టీకి మనవాళ్లు తేనీరు అని ముద్దుపేరు పెట్టుకున్నారు, చెవికి తేనె కలిసినట్టుంటుంది. ఈ లెక్కన తులసి నీళ్లను తేనీరనడం కూడా కుదరదు. కాబట్టి ఏది వేస్తే ఆ పేరుతో పిలిస్తే పోలా? తులసి నీళ్లు, నిమ్మగడ్డి నీళ్లు, గోగుపూల నీళ్లు. వినడానికి సాదాగా ఉన్నాయి, నిజమే. బార్లీ నీళ్లూ జీలకర్ర నీళ్లూ కూడా సాదా పేర్లతోనే ఇన్నాళ్లు బతికాయి.

గోగుపూల దగ్గర కాస్త ఆగాలి. సూపర్ మార్కెట్‌లో హైబిస్కస్ అని రాసి ఉన్న ఎర్రటి టీ పొట్లం చూసి అది మందార పువ్వు అనుకునేవాళ్లే ఎక్కువ. బంధుత్వం ఉంది గానీ ఇది మందారం కాదు. ఆ పొట్లంలో ఉండేది హైబిస్కస్ సబ్దరిఫా. అంటే గోంగూర. తెలంగాణలో పుంటికూర. గోగు మొక్క కూర గనక గోంగూర అయింది. ఉత్తరాంధ్రలో దీన్నీ దీని చుట్టాన్నీ నార కోసం వేస్తారు, అదే గోగునార. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంట మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఆకును పచ్చడి చేసుకున్నాం, కాండాన్ని సంచులు చేసుకున్నాం. పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి, కండగల రక్షకపత్రాలను మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు. ఏవో కొన్ని ఇళ్లలో వాటితో పచ్చడి నూరతారు, అంతే.

ప్రపంచం మాత్రం వాటినే పట్టుకుంది. ఈజిప్టు, సూడాన్‌లలో దాని పేరు కర్కదే, పెళ్లిళ్లలో చుట్టాల చేతికిస్తారు. సెనెగల్‌లో బిస్సాప్. నైజీరియాలో జోబో. మెక్సికోలో ఆగువా దె హమైకా, వీధి బండ్ల మీద గాజు జాడీల్లో కనిపిస్తుంది. కరీబియన్ దీవుల్లో సారెల్, అక్కడ అది లేకుండా క్రిస్మస్ గడవదు. ఇన్ని దేశాలవాళ్లు పండక్కీ పబ్బానికీ తాగేదాన్ని మనం ఇంగ్లిష్ పేరున్న డబ్బాలో కొని, డైటింగ్ చేసేవాళ్ల పానీయంగా బీరువాలో దాస్తున్నాం. గోంగూరను తమ ఊరి పేరులా చెప్పుకునే జాతికి ఇది కాస్త సిగ్గుచేటు వ్యవహారమే.

తప్పంతా మనదీ కాదు. బజారుకొచ్చే గోంగూర కట్ట పూత చూడకముందే కోసేసినది. నార కోసం వేసే రకాలకు కాయ చుట్టూ కండ అంతగా ఉండదు. కండపట్టే ఎర్ర రకం గింజలు సంపాదించి, పెరట్లోనో మేడమీద కుండీలోనో వానలకు వేస్తే, చలి మొదలయ్యాక కాయలు పడతాయి. కాయ అడుగున కత్తితో చుట్టూ గాటు పెట్టి లోపలి గింజల బుడ్డను వెనకనుంచి తోసేస్తే ఎర్రటి గిన్నెలాంటి తొక్క చేతిలో మిగులుతుంది. వేళ్లకు జిగురంటుతుంది, గోళ్లు రెండు రోజులు గులాబీ రంగులో ఉంటాయి. ఎండబెడితే ముడుచుకుపోయి ఎండుమిరప తొక్కల్లా గలగలమంటాయి. సీసాలో పోసి మూత పెట్టుకుంటే చాలు.

వాడకం ఇంకా తేలిక. నలుగురు సినిమాకు కూర్చుంటున్నారనుకుంటే, తొమ్మిదింటికి ముప్పావు లీటరు నీళ్లు మరిగించి దించాలి. గుప్పెడు ఎండు తొక్కలు, చితక్కొట్టిన చిన్న అల్లం ముక్క వేసి మూతపెట్టి పది నిమిషాలు మరచిపోవాలి. తీసి చూస్తే దానిమ్మ గింజ రంగు. వడగట్టి, బెల్లం కలిపి, స్టీలు ఫ్లాస్కులో పోసేస్తే వంటింటి పని అయిపోయింది. పాలు కలపబోకండి, విరుగుతాయి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాచకూడదని వేరే చెప్పక్కర్లేదు, చింతపండు పులుసు కాచే ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలిసిందే. రుచి ఎలా ఉంటుందంటే, మొదటి గుటకకు పులుపు పళ్లను ఝుమ్మనిపిస్తుంది, వెనకాల బెల్లం మెల్లగా వస్తుంది. ఉప్పూకారం నిండిన జంతికల మీద, పాప్‌కార్న్ మీద ఈ పులుపు పడితే ఎంత బాగుంటుందో, థియేటర్లో నిమ్మసోడాకు అలవాటుపడ్డ నాలుకకు వివరించే పని లేదు. మిక్చరు తిని పాల టీ తాగితే నోట్లో జిడ్డు పేరుకుంటుంది. ఇది కడిగేస్తుంది.

పిల్లలున్న ఇంట్లో అయితే శంఖుపుష్పం. కంచెల మీద పాకే నీలిపూల తీగ. పది పన్నెండు పూలు, తాజావో ఎండువో, వేడినీళ్లలో వేస్తే రెండు నిమిషాల్లో నీళ్లు సిరా రంగుకు మారతాయి. గాజు గ్లాసుల్లో పోసి, టీవీ వెలుగులో పెట్టి, అర నిమ్మచెక్క పిండాలి. నీలం కాస్తా ఊదా అయిపోతుంది. పూలలోని ఆంథోసయనిన్లు పులుపు తగలగానే రంగు మార్చుకుంటాయి, బళ్లో లిట్మస్ కాగితం చేసిన పనే. ఏ గ్రాఫిక్స్ సీనుకూ నోరు తెరవని పిల్లలు దీనికి తెరుస్తారు. నిజం చెప్పాలంటే దీనికి రుచంటూ పెద్దగా లేదు, పచ్చి చిక్కుడు ఉడికిన నీళ్లలాంటి వాసన. నిమ్మ, తేనె లేకపోతే వట్టి రంగునీళ్లే. థాయ్‌లాండ్‌లోనూ వాటితోనే తాగుతారు.

ఇక నిమ్మగడ్డి, పుదీనా, సోంపు, ధనియాలు, కుండీలోని వామాకు. వీటికి ఎవరి పాఠమూ అక్కర్లేదు.

పొట్లాల సంగతి మాత్రం చెప్పాలి. ఫ్లేవర్డ్ అన్న మాట చాలా డబ్బాల మీద అలంకారానికి లేదు. లోపల మామిడో పీచో ఉన్నట్టు బొమ్మ ఉంటుంది, వెనక చిన్న అక్షరాల్లో కలిపిన ఫ్లేవర్ అని ఉంటుంది. అది నేరం కాదు. కానీ పండు డబ్బులిచ్చి పండు వాసన కొంటున్నామని తెలిసి కొనాలి. గ్రీన్ టీని మూలికల పానీయం అనుకుని రాత్రిళ్లు తాగేవారున్నారు. అదీ తేయాకే, కెఫీన్ అందులోనూ ఉంటుంది. దక్షిణ అమెరికా పానీయం 'మాటే' కూడా అంతే, పేరుకు వేరే మొక్క అయినా కెఫీన్ ఉన్నదే. చక్కెర వేయకుండానే తియ్యగా ఉందంటే అందులో అతిమధురం ఉందేమో చూడాలి. రోజూ ఎక్కువగా తాగితే అది రక్తపోటు పెంచి, పొటాషియం తగ్గిస్తుంది. సన్నబడే టీలు మరీ ప్రమాదం, వాటిలో తరచుగా సునాముఖి ఉంటుంది. అది విరేచనకారి. అది తాగి మూడు గంటల సినిమాకు కూర్చున్నవారికి ఎన్ని ఇంటర్వెల్స్ వస్తాయో లెక్కపెట్టడం కష్టం.

టీ సంచుల మీద కూడా ఒక మాట. తళతళలాడే త్రికోణపు సంచులు కొన్ని నైలాన్‌తోనో పెట్ ప్లాస్టిక్‌తోనో చేసినవి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి ఒక్క సంచిని 95 డిగ్రీల నీళ్లలో ముంచితే దాదాపు 1,160 కోట్ల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వెలువడ్డాయని 2019లో ప్రకటించారు. ఆ లెక్కింపు పద్ధతి మీద తర్వాత ఇతర శాస్త్రవేత్తలు సందేహాలు లేవనెత్తారు. ఎవరి లెక్క సరైనదైనా, జాలి గరిటె ఉన్న ఇంట్లో ప్లాస్టిక్ సంచి అవసరమేమిటన్నది మిగిలే ఉంటుంది.

ఈ నీళ్లను మందుగా అమ్మే ధోరణికి కూడా కళ్లెం వేయాలి. 2010లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, రక్తపోటు కాస్త ఎక్కువగా ఉన్న 65 మందిలో కొందరికి రోజుకు మూడు కప్పుల గోగుపూల నీళ్లు 6 వారాలు ఇచ్చి చూశారు. వారి రక్తపోటులో పై అంకె సగటున 7 పాయింట్లు తగ్గింది. ఆసక్తికరమైన ఫలితమే. బీపీ మాత్ర మానేయడానికి మాత్రం అది చాలదు. ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్నవారు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే రోజువారీ అలవాటు చేసుకోవాలి. నిద్ర పట్టిస్తుందని పేరుపడ్డ కామొమైల్‌కు ఉన్న ఆధారాలూ అంత గట్టివి కావు. అన్నట్టు అది మన పూజ చామంతి కాదు, దాని దూరపు చుట్టం, యునానీలో బాబూనా అంటారు. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు దాని జోలికి పోకపోవడం మంచిది. సినిమా చూస్తూ తాగే గ్లాసుడు నీళ్లకు ఇంత వైద్యం అంటగట్టబట్టే కషాయానికి ఆ గతి పట్టింది. బాగుందని తాగేదాన్ని బాగుందనే తాగనివ్వాలి.

ఈ ఫ్లాస్కు పద్ధతికీ ఒక లోపం ఉంది, దాచడం దేనికి. ఫ్లాస్కు మొత్తం ఖాళీ చేస్తే రాత్రి రెండింటికి లేవక తప్పదు. పెద్దవాళ్లకు సగం గ్లాసే ఇవ్వండి. పుల్లటి నీళ్లు పడుకునే ముందు కడుపు మండే వాళ్లకు కూడా పనికిరావు. వాళ్లకు సోంపు నీళ్లు మేలు.

ఇక ఇంటర్వెల్. తెలుగు సినిమా కథను ఇప్పటికీ దాని చుట్టూనే రాస్తారు. సగంలో పెద్ద మలుపు పెట్టి, తెర మీద 'విశ్రాంతి' అని వేస్తారు. థియేటర్లో ఆ మాటకు విలువ ఉంది, తలుపులు తెరుచుకుంటాయి, సమోసాల దగ్గర తోపులాట మొదలవుతుంది. ఇంట్లో ఆ అక్షరాలు రెండు సెకన్లు కనబడి పోతాయి. దర్శకుడు జనం ఊపిరి తీసుకోవాలని ఇచ్చిన చోటును మనం ఒక్క గుటకైనా వేయకుండా దాటేస్తున్నాం. అక్కడ రిమోట్ నొక్కి ఆపాలి. లైటు వేయక్కర్లేదు. ఫ్లాస్కు టీపాయ్ మీదే ఉంది కాబట్టి ఎవరూ వంటింట్లోకి వెళ్లక్కర్లేదు. ఎవరి గ్లాసు వాళ్లే వంపుకుంటారు. హీరో తండ్రిని చంపిందెవరో ఆవిడ ముందే కనిపెట్టేసిందని అప్పుడు తెలుస్తుంది, మొదటి సీను నుంచి కదలకుండా చూసింది మరి. మిక్చరులో పల్లీలన్నీ ఏరుకుని తిన్నదెవరన్న దాని మీద కొంత రగడ.

పదకొండుంపావుకు సినిమా మళ్లీ మొదలవుతుంది. ఈసారి "ఏమైంది? ఏమైంది?" అని అడిగేది, ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లొచ్చిన ఆయన.